ఆరేళ్లు, 420 గంటలు: మా ఆర్‌వీ-7లో ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్

డాలస్ దగ్గర మా గ్యారేజీలో ఆర్‌వీ-7 (కిట్ కొని సొంతంగా కట్టుకునే చిన్న విమానం) కట్టేటప్పుడు రెక్కల రివెట్లతో పడని పాట్లు ఇంజిన్ బిగించిన వారంలో పడ్డాను. దాని లైకమింగ్ ఐఓ-360 ఇంజిన్‌కి ఆయిల్ ఫిల్టర్ వెనకవైపు, ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే గోడ) ఎదురుగా ఉంటుంది. బిగించడం వరకు ఎలాగోలా బిగించొచ్చు, విప్పేటప్పుడే తిప్పలు, మర వదిలాక డబ్బా వెనక్కి రావడానికి చోటుండదు, అది వదులవకుండా కట్టే సేఫ్టీ వైర్ వేద్దామంటే ప్లయర్ దూరదు. అందుకని ఫిల్టర్‌ని పక్కకు తిప్పే 90 డిగ్రీల అడాప్టర్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పని చేసిందా అంటే చేసింది. ఇప్పుడు ఫిల్టర్ మార్చడం అరగంట పని, టార్క్ రెంచ్ కూడా హాయిగా పడుతుంది. కానీ ఒకచోట ఖాళీ దొరికితే ఇంకోచోట పోతుంది కదా. మొదట మాగ్నెటోకి (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే పరికరం) అడ్డం వచ్చింది, కాస్త తిప్పితే ఇంజిన్‌ని మోసే మౌంట్ గొట్టానికి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. తగలట్లేదుగా, చాల్లే అనుకున్నాను.

చాలదు. ఫిల్టర్ ఇంజిన్‌తో పాటు ఊగుతుంది, గొట్టం ఊగదు. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజిన్ గాల్లో బుద్ధిగానే ఉంటుంది గానీ స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. 11 గంటలు ఎగిరాక కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తీసి చూస్తే డబ్బా మీద గీత, గొట్టం మీద పెయింట్ లేచిపోయి ఉంది. డబ్బాకి చిల్లు పడుంటే ఆయిలంతా కాలే ఎగ్జాస్ట్ మీదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి పొట్టి ఫిల్టర్ తెచ్చి, అడాప్టర్ కోణం మార్చి, అర అంగుళం ఖాళీ వదిలాను. కొలవడానికి మా అమ్మాయి ఆడుకునే ప్లేడో వాడాను (నీలం రంగుది మొత్తం అయిపోయిందని ఇప్పటికీ దెప్పుతుంది). ఇరుకుగా ఉన్న ప్రతిచోటా ఒక ఉండ అంటించి, మాగ్నెటోలు ఆఫ్‌లో ఉన్నాయని రెండుసార్లు చూసుకుని, కౌలింగ్ మూసి, ప్రొపెల్లర్‌ని దాని మొదలు దగ్గర పట్టుకుని ఇంజిన్‌ని పైకీ కిందికీ పక్కలకీ గట్టిగా ఊపి, తర్వాత ఉండల మందం చూడటమే. ఎగ్జాస్ట్ పైపు, కింది కౌలింగ్‌కి పావంగుళం దగ్గరకి వస్తోందని అప్పుడే బయటపడింది, అక్కడ ఫైబర్‌గ్లాస్ కోసి ఖాళీ పెంచాను. ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) తరఫున పని చూసి సలహా చెప్పే టెక్నికల్ కౌన్సెలర్‌గా వచ్చిన పెద్దాయన ఇదంతా చూసి ఏమీ అనలేదు గానీ, మౌంట్ గొట్టానికి నేను వేసిన ప్లాస్టిక్ టైలన్నీ మాట్లాడకుండా కత్తిరించేశారు. దుమ్ము చేరితే ఆ ప్లాస్టికే ఉక్కుని అరగదీస్తుందట. ఇప్పుడన్నీ రబ్బరు పట్టీ ఉన్న ఆడెల్ క్లాంపులే.

150 గంటలు దాటాక మౌంట్ల రబ్బర్లు కుంగి స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) కౌలింగ్ కన్నా కాస్త కిందికి దిగింది. కింది రెండు మౌంట్ల దగ్గర వాషర్లు వేస్తే ముక్కు లేచింది. వెంటనే ఫిల్టర్ దగ్గర మళ్లీ కొలిచాను, ఇంజిన్ కాస్త కదిలినా అన్ని లెక్కలూ మారతాయి మరి.

అడాప్టర్ గాస్కెట్ 60 గంటలకే చెమ్మగిల్లింది. కంపెనీకి రాస్తే "మీరు సరిగ్గా బిగించలేదు" అని ఒక్క ముక్క జవాబు. గాస్కెట్ నేనే కొని మార్చాను, ఆ తర్వాత చుక్క కారలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. అర మార్కు కోత గాస్కెట్‌కి, ఒక మార్కు ఆ జవాబుకి.