కోర్టు వదలాలా, కోర్టులోనే ఉండాలా? ప్రకాశం గారి దారి, అల్లాడి గారి దారి

దేశానికి పనికిరావాలనుకునే యువ లాయర్లకు ఈ టెన్షన్ ఎప్పుడూ ఉండేదే.

డబ్బు: టంగుటూరి ప్రకాశం గారిని తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. అంత కష్టపడి బారిస్టరై, 1921లో మద్రాసు ప్రాక్టీసు మానేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. సంపాదించిందంతా కరిగిపోయింది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు మాత్రం కోర్టులోనే ఉండి, 1929–44 మధ్య మద్రాసు అడ్వకేట్ జనరల్ (ప్రభుత్వ ముఖ్య న్యాయవాది)గా పనిచేశారు.

రిస్క్: ప్రకాశం గారికి జైళ్లు. 1928లో సైమన్ కమిషన్ నిరసనలో తుపాకీకి ఎదురుగా గుండె చూపించారు. అల్లాడి గారికి అవేవీ లేవు, కానీ జనంలో అంత పేరూ రాలేదు.

ఫలితం: ఒకరు 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి, ఇంకొకరు రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యులు.

జనం మధ్య తిరగగలిగి, ఇంట్లోవాళ్లు కష్టానికి సిద్ధమైతే ప్రకాశం దారి. ఇంటి భారం మీదే అయి, చట్టంలో లోతు ఉంటే అల్లాడి దారి. నా మనసు మాత్రం ప్రకాశం పంతులు గారి వైపే.