బరంపురంలో మైనర్లకు జెండర్ కౌన్సెలింగ్: డాక్టరుగారు మంచివారు, సమ్మతి పత్రం మాత్రం సరిగా లేదు

మా అక్కవాళ్లది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఆమె బిడ్డకు పదహారేళ్లు. ఆడపిల్లగా పుట్టినా తాను అబ్బాయినేనని కొన్నేళ్లుగా చెబుతూ, ఆ వేదనలో చదువు మీద కూడా ధ్యాస నిలపలేకపోతుంటే, బరంపురంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో చూపించాం. ఇలాంటి సేవ కోసం వెతుక్కునే సరిహద్దు తెలుగు కుటుంబాలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

డాక్టరుగారు బిడ్డతో విడిగా, తల్లితో విడిగా ఓపిగ్గా మాట్లాడారు. బిడ్డ మనసును బలవంతంగా మార్చేస్తామని ఎక్కడా అనలేదు. అలాంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. హార్మోన్ల మాట వచ్చినప్పుడు, టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనుతో ఒకసారి గొంతు బొంగురుపోతే మందు మానినా మునుపటిలా కాదనీ, ముందుముందు సంతానం విషయంలోనూ ఇబ్బందులు రావచ్చనీ దాచకుండా చెప్పి, తొందరపడవద్దన్నారు. ఫీజు ముందే చెప్పారు, రసీదు ఇచ్చారు. ఆ రసీదును జాగ్రత్త చేసుకోవాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది.

నా అభ్యంతరమంతా సమ్మతి పత్రం గురించే. అది ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. మా అక్కకు తెలుగు తప్ప చదవడం రాదు. బిడ్డ ఒడియా బడిలో చదువుకున్నందున, కౌంటరు దగ్గర నిలబడి ఒక్కో వాక్యాన్నీ తల్లికి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. సంతకం చేసే హక్కు లేని మైనరు చదివి చెబితే తప్ప, ఆ హక్కున్న తల్లికి తాను దేనికి ఒప్పుకుంటున్నదో తెలియని పరిస్థితి అది. అడుగున చిన్న అక్షరాల్లో, ఇకపై చేసే ఏ చికిత్సకైనా ఈ సమ్మతి వర్తిస్తుందనీ, ఫలితాలకు ఆస్పత్రి బాధ్యత వహించదనీ ఉంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పిన ప్రకారం, చాలినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే అసలైన సమ్మతి. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదు. నిర్లక్ష్యం జరిగితే, ముందే సంతకం తీసుకున్నామన్నది ఆస్పత్రిని కాపాడదు కూడా.

నష్టం జరిగితే ఎప్పటివరకు దావా వేయవచ్చన్న ప్రశ్న కూడా ఉంది. అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రం 2023లో చేసిన చట్టం ప్రకారం, మైనరుగా ఉన్నప్పుడు ఇలాంటి వైద్యం పొందినవారు పద్దెనిమిది నిండాక పదిహేనేళ్ల వరకు డాక్టరుపై దావా వేయవచ్చు. అంత సుదీర్ఘ గడువు పెడితే ఏ డాక్టరూ ఈ పిల్లలను చూడటానికి ముందుకు రాడేమోనని నా భయం. దావాలకు గడువు నిర్ణయించే మన 1963 లిమిటేషన్ చట్టంలో మైనరుకు ఇచ్చే వెసులుబాటు పద్దెనిమిది నిండాక గరిష్ఠంగా మూడేళ్లు. మాకు కావలసింది గడువు పొడిగింపు కాదు, మాకు అర్థమయ్యే కాగితం.

కేసు పత్రాలు అడిగితే వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. మాకు మాత్రం పదేపదే అడిగాక గానీ చేతికి రాలేదు.

మళ్లీ ఆ డాక్టరుగారి దగ్గరకే వెళ్తాం. అయితే హార్మోన్ల దాకా వస్తే, ఆ చికిత్సకు వేరే పత్రం తెలుగులో ఇచ్చేవరకు సంతకం చేయనని అక్క ఆస్పత్రికి రాసిచ్చింది.