జాగ్రత్త: క్రిస్మస్ ప్రేమకథల డీవీడీ పెట్టె కొనేముందు ఇది చదవండి

అమెరికాలో ఉండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తిరిగెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఏం పెట్టి పంపాలా అని చూస్తున్నవాళ్ళు ముఖ్యంగా చదవండి. "24 హాలిడే రొమాన్స్ సినిమాలు, 6 డిస్కులు, 39.99 డాలర్లు" అంటూ ఆన్‌లైన్‌లో ఒక పెట్టె అమ్ముతున్నారు. పోయిన డిసెంబరులో నేను కొన్నాను. నలభై డాలర్లు పోతే పోయాయి. కానీ ఆరు నెలలు మా ఇంట్లో ఉన్న మా అమ్మ నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయను. ఇలాంటివాళ్ళు పేర్లు మారుస్తూ ఉంటారు కాబట్టి గుర్తులు తెలిస్తేనే మీకు ఉపయోగం.

అమ్మ అక్టోబరులో తెనాలి నుంచి న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ వచ్చింది. మేమిద్దరం ఆఫీసులకి, బాబు బడికి. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర దాటితే చీకటే. బయటికెళ్దామంటే చలి, పక్కింటివాళ్ళతో మాట్లాడదామంటే ఎవరూ కనిపించరు. ఆ రోజుల్లో ఆవిడకి తోడు దొరికింది హాల్‌మార్క్ ఛానెల్. కాన్సస్ సిటీలోని గ్రీటింగ్ కార్డుల కంపెనీదే ఆ ఛానెల్ కూడా. 2009 నుంచి ఏటా పండక్కి ముందు క్రిస్మస్ ప్రేమకథలు వరసగా వేస్తుంటారు, ఇప్పుడైతే రెండు నెలల ముందే మొదలుపెడతారు. 2019లో అయితే వాళ్ళ రెండు ఛానెళ్ళలో కలిపి 40 కొత్త సినిమాలు వేశారు. మా అమ్మ రోజుకి రెండు చూసేది, మూడోది నేను వచ్చాక నాతో.

ఈ సినిమాలు చూసి చాలామంది నవ్వుతారని తెలుసు. అమ్మ పక్కన కూర్చుని చూశాక నాకు మాత్రం వాటి మీద గౌరవం పెరిగింది. అమ్మ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరుగా రిటైరైంది. ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, అమెరికన్ల మాట మాత్రం చెవికి పట్టదు. కింద అక్షరాలు వస్తుంటే హాయిగా చదువుకుంటూ చూసేది. "ఇందులో పాలల్లో విషం కలిపేవాళ్ళు లేరే, కోడలి మీద కుట్రలు లేవు, పిల్లాడు పక్కన కూర్చున్నా రిమోట్ కోసం వెతుక్కోనక్కర్లేదు" అనేది. నిజమే. మూడు తరాలవాళ్ళం ఒకే సోఫాలో తల దించుకోకుండా చూడగలిగిన సినిమాలు నాకైతే మరెక్కడా ఇన్ని దొరకలేదు.

కథ మీకు తెలిసిందే. న్యూయార్క్‌లోనో చికాగోలోనో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పని మీద సొంతూరు వస్తుంది. అక్కడ ఓ పాత సత్రమో, బేకరీయో, క్రిస్మస్ చెట్లు పెంచే తోటో మూతపడేలా ఉంటుంది. దాన్ని నడిపేవాడికి భార్య పోయి ఉంటుంది, ఏడెనిమిదేళ్ళ కూతురు ఉంటుంది. బిస్కెట్లు చేస్తారు, చెట్టు అలంకరిస్తారు, చివరి అరగంటలో ఒక అపార్థం వస్తుంది, పండగ ముందురోజు రాత్రికి అది తీరిపోతుంది. మంచు కురుస్తుండగా ముద్దు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు కదమ్మా అన్నాను ఒకరోజు. "రామాయణం తెలీక వింటున్నామా?" అంది.

ఇంకోరోజు ఓ సినిమా చివర్లో ఆ అమ్మాయి నగరం వదిలేసి, వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోతానని తల్లితో చెప్తుంది. అమ్మ అద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "తిరిగొచ్చేసింది ఆ పిల్ల" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు పంపు తిప్పి నిలబడ్డాను. నేను తెనాలి వదిలి పదహారేళ్ళయింది. ఈ సినిమాల బలం అక్కడుంది. ఊరొదిలినవాళ్ళ కోరికా, వాళ్ళకోసం ఎదురుచూసేవాళ్ళ కోరికా రెండూ గంటన్నరలో తీర్చేస్తాయి.

లోపాలు లేవని అనను. సొంతూరికి రావడమంటే ప్రతిసారీ ఆడదే తన ఉద్యోగం వదులుకోవాలి. ఆ కథలో మగవాడు తన బేకరీ మూసి నగరానికి వెళ్ళడం నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. డబ్బుకి ఇబ్బంది ఉందంటారు, ఇల్లు చూస్తే ఆరు గదులు, గదికో క్రిస్మస్ చెట్టు. చాలాకాలం నాయికా నాయకులిద్దరూ తెల్లవాళ్ళే, నల్లవాళ్ళకి స్నేహితుల వేషాలు. ఇద్దరు పెళ్ళికూతుళ్ళు ముద్దు పెట్టుకున్న ఒక ప్రకటనని 2019 డిసెంబరులో ఈ ఛానెల్ ఆపేసింది, గొడవయ్యాక క్షమాపణ చెప్పి నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత మార్పు కనిపిస్తోంది, 2022లో ఇద్దరు మగవాళ్ళ ప్రేమే ప్రధానకథగా సినిమా వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను కొన్న పెట్టెలో సినిమాలన్నీ ఈ మార్పుకి ముందువే. కొన్ని పదిహేనేళ్ళకి పైబడ్డవి. కొత్తవి వస్తాయనుకుని కొనకండి.

అమ్మ కన్ను ఇంకోటి కూడా పట్టింది. "ఇంత మంచులో మాట్లాడుతుంటే వీళ్ళ నోట్లోంచి ఆవిరి రావట్లేదేంటే?" అని అడిగింది. రోజూ పొద్దున్నే బాబుని బస్సు ఎక్కించడానికి వెళ్ళి తన నోటి ఆవిరి తను చూసుకుంటోంది మరి. వీటిలో చాలావాటిని కెనడాలో, ఎక్కువగా వాంకూవర్ చుట్టుపక్కల, వసంతంలోనో ఎండాకాలంలోనో తీస్తారనీ, నేలమీద కనిపించేది నురగా, దూదిలాంటి పరుపులూ, కాగితం పొడీ అనీ చెప్పాను. సుమారు రెండు మూడు వారాల్లో షూటింగ్ ముగించేస్తారని కూడా చెప్పాను. "పాపం, ఎండలో ఆ కోట్లు వేసుకుని" అని జాలిపడింది.

మార్చిలో తన ప్రయాణం. డిసెంబరు మధ్యలో ఒకరోజు, "ఈ సినిమాలు అక్కడ చూసుకోవడానికి ఏమన్నా వీలుందా?" అని అడిగింది. తెనాలి ఇంట్లో నాన్న కొన్న డీవీడీ ప్లేయర్ ఉంది. నాన్న పోయి నాలుగేళ్ళయినా అమ్మ దాన్ని శుభ్రంగా తుడిచి వాడుతూనే ఉంది. ఫోన్లో యాప్‌లు, పాస్‌వర్డ్‌లు తనకి చిరాకు. డిస్కులైతే సరిపోతాయనుకున్నాను. వెతికితే ఈ పెట్టె కనిపించింది. అట్ట మీద ఎర్ర స్వెటర్ అమ్మాయి, ఆకుపచ్చ కోటు అబ్బాయి, వెనక దీపాల చెట్టు. అచ్చం ఆ ఛానెల్ సినిమాల అట్టల్లాగే. హాల్‌మార్క్ పేరు దానిమీద ఎక్కడా లేదని డబ్బు కట్టి, ఇంటికొచ్చాక చూశాను. అవన్నీ వేరేవాళ్ళు తీసిన టీవీ సినిమాలు, హక్కులు చవగ్గా కొని గుత్తగా కట్టినవి.

మొదటి డిస్కు పెట్టగానే బొమ్మ మసకగా ఉంది. ఎనభై అయిదేసి నిమిషాల సినిమాలు నాలుగు ఒకే డిస్కులో కుక్కారు. అంటే అయిదున్నర గంటలకి పైనే. మామూలు ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు, అందులో రెండు గంటల సినిమా పెడితేనే బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఎక్కువ కుక్కితే కదలిక ఎక్కువున్న చోట ముందు చెడుతుంది. తెరంతా చిన్న చిన్న చుక్కలు కదిలే దృశ్యం ఏది? మంచు కురవడం. గంటన్నర ఎదురుచూశాక వచ్చే ఆ చివరి ముద్దు దగ్గరే తెర గళ్ళు గళ్ళుగా విడిపోయింది. అమ్మ అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, లోపం తన కళ్ళల్లో ఉందేమోనని.

అక్షరాలు రాలేదు. పెట్టె వెనక సీసీ అన్న గుర్తు ఉంది. కానీ పాత పద్ధతిలో టీవీ సిగ్నల్లో దాచే క్లోజ్‌డ్ కాప్షన్లు, ఇప్పుడు ప్లేయర్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగలోంచి రావు. డిస్కు మెనూలో సబ్‌టైటిల్స్ విడిగా ఉంటేనే కనిపిస్తాయి. ఇందులో ఆ మెనూయే లేదు. మా అమ్మలాంటివాళ్ళకి అక్షరాలు లేని సినిమా అంటే సగం సినిమా.

అయిదో డిస్కు పెట్టినప్పుడు జరిగింది చెప్పాలి. పది నిమిషాలు కాగానే "ఇది మొన్న చూసిందేగా" అంది అమ్మ. "లేదమ్మా, పేరు వేరు, అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నాను. "అదే బేకరీ, అదే పిల్లే" అంది. నేను ఒప్పుకోలేదు. పిండి తొట్టి కింద పడే దృశ్యం వచ్చేసరికి నాకు నోట మాట లేదు. రెండో డిస్కులో చూసిన సినిమానే, అట్ట మీద ఇంకో పేరు పెట్టారు. టీవీ సినిమాలకి ఒక్కో దేశంలో, ఒక్కో అమ్మకంలో పేరు మారడం మామూలే. అట్ట మీద పేరొకటి, తెర మీద పడే పేరొకటి. అలాంటి జంటలు రెండు దొరికాయి. మరో అయిదింటిలో క్రిస్మస్సే లేదు, పెళ్ళి కథలూ ఆకురాలే కాలం కథలూ. అంటే 24 అన్నవి నిజానికి 17. సినిమాలన్నీ ఒకేలా ఉంటాయన్న మన నమ్మకం మీదే వీళ్ళ వ్యాపారం నడుస్తోంది. కొన్నవాళ్ళు తేడా పట్టరని ధైర్యం. మా అమ్మ పట్టింది.

డిస్కులో చూస్తే ఇంకో సంగతీ బయటపడుతుంది. ఈ సినిమాల్ని యాడ్స్ కోసమే ముక్కలు ముక్కలుగా, సాధారణంగా తొమ్మిది భాగాలుగా రాస్తారు. రెండు గంటల సమయంలో సినిమా ఎనభై అయిదు నిమిషాలు, మిగతాది ప్రకటనలు. టీవీలో అయితే ఆ విరామంలో లేచి పొయ్యి మీద కూర కలిపి రావచ్చు, వచ్చేసరికి పాత్రలే జరిగింది మళ్ళీ చెప్తాయి, కథ చేజారదు. డిస్కులో ఆ విరామం ఉండదు. తెర నల్లబడుతుంది, వెంటనే ఇప్పుడే చూసిన సంగతి మళ్ళీ చెప్తారు. అమ్మ మూడోసారికే విసుక్కుంది. ఇలాంటి సినిమాలే టీవీలో ఆవిడకి ఎప్పుడూ విసుగు పుట్టించలేదు. డిసెంబరు సాయంత్రం, వంట చేసుకుంటూ, ఇంట్లోవాళ్ళు అటూ ఇటూ తిరుగుతుండగా చూడ్డానికి చేసినవి అవి. గుత్తగా కొని బీరువాలో పెట్టుకునే సరుకు కాదని నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మినవాళ్ళకి రాశాను. సీలు తీసిన డిస్కులు తాము వాపసు తీసుకోం అన్నారు. సీలు తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే జవాబు లేదు. క్రెడిట్ కార్డువాళ్ళకి ఫిర్యాదు చేస్తానంటే అమ్మ ఆపింది. "పోనీలే, వేలు పోసి టికెట్ కొన్నారు, ఇదెంత, నేను పట్టుకెళ్ళి చూసుకుంటాలే" అంది. ఆ మాట విని ఊరుకోవడం నా తప్పు. చెప్పిన సరుకు ఇవ్వలేదని ఫిర్యాదు చేయాలంటే, ఆ ఖర్చు పడిన మొదటి స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా చేయాలి. మార్చిలో అమ్మ తెనాలి చేరేటప్పటికే ఆ గడువు దాటిపోయింది.

అక్కడ అసలు దెబ్బ తగిలింది. నాన్న ప్లేయర్లో డిస్కు పెడితే రీజియన్ తప్పు అని తెర మీద పడింది. డీవీడీలకి అమ్మే దేశాన్ని బట్టి రీజియన్ అని ఒక నంబరు ఉంటుంది, ప్లేయర్ నంబరుతో అది కలవకపోతే ఆడదు. అమెరికా, కెనడా డీవీడీలు రీజియన్ 1. ఇండియాది రీజియన్ 5. పెట్టె వెనక భూగోళం బొమ్మలో చిన్నగా 1 అని ఉంది. అమ్మకం పేజీలో మాత్రం ఎక్కడా రాయలేదు. పదహారేళ్ళుగా ఇక్కడున్నా ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. ఫోన్లో అమ్మ నొచ్చుకుంటూ, "నాన్నగారి ప్లేయర్ పాడైందేమో, బాగుచేసే అబ్బాయిని పిలిచాను" అంది. అతనికి రెండొందలు ఇచ్చి పంపించిందట.

మీరు కొనాల్సి వస్తే, పెట్టెలు వద్దు. ఇంట్లోవాళ్ళు ఏ సినిమా ఇష్టంగా చూశారో పేరు రాసి పెట్టుకుని ఆ ఒక్కటే విడిగా కొనండి. ఇండియాకి పంపేదైతే రీజియన్ 0 అనో, ఆల్ రీజియన్ అనో, అంటే ఏ దేశం ప్లేయర్లోనైనా ఆడేదని, ఉందా చూడండి. సబ్‌టైటిల్స్ అని విడిగా రాసి ఉందా చూడండి, సీసీ గుర్తు చాలదు. డిస్కుకి రెండు సినిమాలు మించితే వదిలేయండి. సినిమా పేరుతో పాటు విడుదలైన ఏడాది, నటీనటుల పేర్లు పేజీలో లేకపోతే అడగండి, చెప్పకపోతే కొనకండి. ఇక్కడ చూడ్డానికే అయితే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. మా లైబ్రరీలో అలమరా నిండా ఉన్నాయి, ఊరికే ఇస్తారు. అక్షరాలు వస్తాయో రావో ఇంటికి తెచ్చి చూసుకుని మరీ నిర్ణయించుకోవచ్చు.

మొన్న అదే పెట్టె మళ్ళీ కనిపించింది. అమ్మేవాళ్ళ పేరు మారింది, అట్ట మారింది. ఈసారి ఎర్ర స్వెటర్ అబ్బాయికి, ఆకుపచ్చ కోటు అమ్మాయికి. "30 సినిమాలు" అంటున్నారు. వెనక అట్ట ఫొటో పెద్దది చేసి చదివాను. మా అమ్మ రెండుసార్లు చూసిన ఆ బేకరీ సినిమా రెండు పేర్లతోనూ ఉంది, ఒకటి పైవరసలో, ఒకటి కిందివరసలో.