ప్రమాణపత్రం కూడా టైపు చేసి ఇచ్చే ప్రాజెక్టు సెంటరు

మా అక్క కొడుకు హైదరాబాదు శివార్లలోని ఒక కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. మేజర్ ప్రాజెక్టు కోసం అతడూ, బ్యాచ్‌లోని మరో ముగ్గురూ కలిసి విద్యార్థుల ప్రాజెక్టులు డబ్బుకు తయారు చేసి ఇచ్చే అమీర్‌పేటలోని ఒక ప్రాజెక్టు సెంటరులో 12,000 రూపాయలకు మాట్లాడుకున్నారు. స్ట్రక్చరల్ డిజైన్ పనిలో నాకు పద్నాలుగేళ్ల అనుభవం ఉంది కనుక, ఫైలు చేతికొచ్చాక నా దగ్గరకు తెచ్చి, "మామయ్యా, వైవాలో ఎక్స్‌టర్నల్ ఏమడుగుతాడో ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. నేను దాన్ని రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. తరువాత ఒక శనివారం నలుగురినీ వెంటబెట్టుకుని ఆ సెంటరుకు వెళ్లాను. ఇలాంటి సేవ ఆ చుట్టుపక్కల చాలా చోట్ల దొరుకుతుంది, నేను చెప్పదలచుకున్నది ఆ సేవ గురించి, కనుక సెంటరు పేరు రాయడం లేదు.

ముందుగా వాళ్లకు చెందవలసిన మంచి మాట చెబుతాను. ఇచ్చిన గడువుకు రెండు రోజుల ముందే పని అప్పగించారు. ఒప్పుకున్న ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. సాఫ్ట్‌వేర్‌లో భవనం నమూనా ఎలా గీయాలో, బరువులు ఎలా ఇవ్వాలో నేర్పడానికి నాలుగు ఆదివారాలు తరగతులు పెట్టారు. ఆ తరగతులు చెప్పిన యువకుడికి విషయం బాగా తెలుసు, ఓపిక కూడా ఎక్కువ. కాలేజీలో మూడేళ్లుగా అర్థం కాని షియర్ ఫోర్స్ డయాగ్రం అతని దగ్గర ఒక గంటలో అర్థమైందని మా మేనల్లుడు చెప్పాడు, నేను ఆ మాట నమ్ముతాను.

ఇక ఫైలు సంగతి. శీర్షిక "విజయవాడలో జీ ప్లస్ ఫైవ్ నివాస భవనం: విశ్లేషణ, డిజైన్". విజయవాడ మా అక్కవాళ్ల ఊరు కాబట్టి పిల్లలే ఆ ఊరు కోరుకున్నారు. లోపల గాలి భారాల అధ్యాయంలో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు అని ఉంది. భవనాల మీద భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడవ భాగంలో 44 అన్నది హైదరాబాదు విలువ. విజయవాడకు 50. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఈ ఒక్క తేడాతోనే గోడల మీద ఒత్తిడి దాదాపు 23 శాతం తక్కువగా లెక్కకు వచ్చింది. భూకంపం అధ్యాయం ఇంకా ఘోరంగా ఉంది. ఐఎస్ 1893:2016 ప్రకారం హైదరాబాదు రెండో జోన్, విజయవాడ మూడో జోన్. జోన్ గుణకం రెండో జోన్‌కు 0.10, మూడో జోన్‌కు 0.16. ఫైలులో 0.10 వేశారు. మూడో జోన్ అయితే ఐఎస్ 13920 ప్రకారం డక్టైల్ డీటైలింగ్ (భూకంపంలో కట్టడం ఉన్నట్టుండి విరగకుండా వంగి తట్టుకునేలా ఇనుము అమర్చడం) తప్పనిసరి, అంటే కాలమ్‌ల రింగుల కొక్కేలు 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి దిగాలి. డ్రాయింగులలో అన్నీ 90 డిగ్రీల కొక్కేలే కనిపించాయి. ఎప్పుడో ఎవరికో చేసిన హైదరాబాదు భవనానికి అట్ట మీద ఊరి పేరు మార్చారు, అంతే జరిగింది.

అనుబంధంలోని క్యూబు పరీక్షల పట్టిక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కాంక్రీటును ఘనాలుగా పోసి, పగలగొట్టి బలం చూసే పరీక్ష ఇది. ఎం25 కాంక్రీటు (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఉండవలసినది), ఆరు క్యూబులు, 28 రోజుల బలం. ఆరింటికీ 31.6 అని ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఆ అంకెను చూడగానే గుర్తుపడతారు. ఎం25 మిశ్రమం తయారు చేసేటప్పుడు లక్ష్యంగా పెట్టుకునే సగటు బలం అది, 25కు 4 ప్రామాణిక విచలనాన్ని 1.65తో హెచ్చించి కలిపితే వస్తుంది. లక్ష్యాన్నే ఫలితం గడిలో ఆరుసార్లు రాశారు. ఒకే మిక్సరులోంచి తీసిన మూడు క్యూబులు కూడా ఒకే అంకె ఇవ్వవు, అందుకే ఐఎస్ 456 సగటు నుంచి 15 శాతం వరకు తేడాను అనుమతిస్తుంది. ఆ నలుగురిలో ఎవరూ ఆ ప్రాజెక్టు కోసం ఒక్క క్యూబు కూడా పోయలేదు.

ప్యాకేజీలో ప్లేజియరిజం రిపోర్టు (ఇతరుల రాతలతో ఎంత పోలిక ఉందో చూపేది) కూడా ఉంది, పోలిక 8 శాతం. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో పది శాతం లోపు పోలికకు శిక్ష లేదు కాబట్టి, అంతకు దిగేదాకా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో వాక్యాలను తిప్పి రాశారు. డెడ్ లోడ్ (కట్టడం సొంత బరువు) అనవలసిన చోట "లైఫ్‌లెస్ వెయిట్" అని పడింది. సాంకేతిక పదానికి అర్థం పోయినా శాతం తగ్గింది కనుక పని అయిపోయినట్టే లెక్క.

అయితే ఈ సమీక్ష రాయాలని నేను నిశ్చయించుకున్నది ఈ తప్పుల వల్ల కాదు. ఫైలులో మూడో పుట ప్రమాణపత్రం. "ఈ ప్రాజెక్టు మా స్వంత కృషి అనీ, దీనిని మరెక్కడా సమర్పించలేదనీ ఇందుమూలంగా ప్రకటిస్తున్నాము" అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యాలు, కింద నలుగురి పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, సంతకాలకు ఖాళీ గీతలు. ఇంజినీరుగా ఒక విద్యార్థి తన పని గురించి చేసే మొదటి రాతపూర్వక ప్రకటన ఇది. ఆ పుటను కూడా డబ్బు తీసుకున్నవాళ్లే టైపు చేసి, బైండింగు చేసి ఇచ్చారు. మా మేనల్లుడు రెండో సంవత్సరంలో మానవ విలువల సబ్జెక్టులో మంచి మార్కులతో పాసయ్యాడు, మనిషి కూడా నెమ్మదస్తుడు, అబద్ధాలాడే స్వభావం కాదు. అయినా ఆ పుట మీద తాను సంతకం చేయబోతున్నాననీ, చేస్తే అది అబద్ధమవుతుందనీ నేను వేలు పెట్టి చూపేదాకా అతనికి తట్టలేదు.

ఆ నలుగురికీ నేను అమెరికాలోని కాన్సస్ సిటీ సంగతి చెప్పాను. 1981 జూలై 17న అక్కడి హయత్ రీజెన్సీ హోటలులో లాబీ పైన వేలాడే నడవాలు రెండు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్లో రెండు నడవాలనూ ఒకే పొడవాటి కడ్డీల వరుస పైకప్పు నుంచి మోయాలి. తయారీ సౌలభ్యం కోసం ఒక్కో కడ్డీని రెండు ముక్కలు చేయడంతో కింది నడవా వచ్చి పై నడవా దూలాలకు వేలాడింది, పై నడవా దూలాల కింద ఉన్న నట్ల మీద భారం రెట్టింపైంది. మారిన డ్రాయింగుల మీద ఇంజినీరు ముద్ర ఉంది. ఆ అతుకుకు లెక్క మాత్రం ఎవరూ వేసి చూడలేదు. బాధ్యులైన ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులను మిస్సోరీ రాష్ట్రం రద్దు చేసింది. నేను రోజూ డ్రాయింగుల మీద సంతకం చేసే మనిషిని, ఆ ముద్ర గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా చేయి ఒక క్షణం ఆగుతుంది.

సెంటరులో నిర్వాహకుడు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించాడు. గాలి వేగం తప్పు చూపించగానే "సరిచేస్తాం సార్" అని, కంప్యూటరులో డాక్యుమెంటు తెరిచి 44ను 50 చేశాడు. విశ్లేషణ మళ్లీ నడపలేదు, కాలమ్ పరిమాణాలు చూడలేదు. మరి డిజైన్ మారదా అని అడిగితే, "సార్, చాలా ఏళ్లుగా ఇదే మోడల్ ఇస్తున్నాం, ఇంతవరకు ఒక్క బ్యాచ్ ఫెయిల్ కాలేదు" అన్నాడు. అతను నిజమే చెప్పాడనుకుంటాను. అంటే ఆ మోడల్‌ను చూసిన గైడ్లు, ఎక్స్‌టర్నళ్లు ఎవరూ గాలి భారాల పుట దాకా రాలేదన్నమాట. ఒక్కో గైడుకు పది పన్నెండు బ్యాచ్‌లు అంటగట్టి, ల్యాబులో యంత్రాలకు ముసుగులు వేసి ఉంచే కాలేజీలకు ఇందులో ఉన్న వాటా తక్కువది కాదు.

పిల్లలు డబ్బు వెనక్కి అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ నమూనా ఫైలు మాత్రం ఉంచుకుని, 50 మీటర్లతో, మూడో జోన్‌తో మళ్లీ లెక్కలు నడిపారు. కింది రెండు అంతస్తుల కాలమ్‌లు చాలలేదు, పెంచారు. ల్యాబ్ అసిస్టెంటును బతిమాలి ఆరు క్యూబులు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి పగలగొట్టారు. ఆరు అంకెలూ వేరువేరుగా వచ్చాయి, ఒకటి మరీ తక్కువ వచ్చింది. దాన్ని అలాగే రాసి, ఆ క్యూబును సరిగా కుదించలేదని కారణం కింద వేశారు. ప్రమాణపత్రం సొంతంగా టైపు చేసుకుని, నమూనా తొలి రూపం బయటి కేంద్రం నుంచి తెచ్చుకున్నదని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం ఎందుకని గైడు రెండుసార్లు అడిగి, చివరికి సంతకం చేశారు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలనుకునే విద్యార్థి ఆ సెంటరులో ఆదివారం తరగతులకు చేరవచ్చు, ఆ తరగతులు ఇచ్చిన డబ్బుకు తగినవే. తయారైన ప్రాజెక్టును మాత్రం ఏ ధరకూ తీసుకోవద్దని నా సలహా. ఇప్పటికే తీసుకున్నవాళ్లు ముందు గాలి వేగం, భూకంప జోన్, క్యూబుల పట్టిక ఉన్న పుటలు తెరిచి చూడండి, మూడో పుట మీద సంతకం ఆ తరువాత సంగతి.