పాత బండి ఇంజను దించడం: ఇంజనును ఎత్తడం మేలా, ఫ్రేమును ఎత్తడం మేలా?

పాత మోటారు సైకిలు ఇంజనును ఇంట్లోనే దించాలనుకునేవారికి మొదట పట్టుకునే బెంగ బరువు గురించి. ఎంత ఉంటుంది, ఒక్కరి వల్ల అవుతుందా, తోడుకు ఎవరినైనా పిలవాలా అని. బరువు సంగతి ముఖ్యమే. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ ఇంజను ఫ్రేములోంచి ఏ దారిన బయటకు వస్తుందన్నది. పెట్రోలు ట్యాంకు తీసి చూడండి. ఇంజను నెత్తి మీదుగా ఫ్రేము వెన్నుగొట్టం వెళ్తూ కనిపిస్తుంది. డబుల్ క్రేడిల్ ఫ్రేము అయితే ఇంజను కింద కూడా రెండు గొట్టాలు ఉంటాయి. పైన దారి లేదు, కింద దారి లేదు. మిగిలినవి కుడి, ఎడమ. వాటిలోనూ సాధారణంగా ఒకవైపే చోటు సరిపోతుంది. 1969లో వచ్చిన హోండా సీబీ750నే తీసుకోండి. నాలుగు సిలిండర్ల ఆ ఇంజను బరువు సుమారు 80 కిలోలు, బయటకు వచ్చేది కుడివైపు నుంచి. అంత బరువును కాస్త పైకి లేపి, కొంచెం వంచి, ఎక్కడా తగలకుండా పక్కకు లాగాలి. అసలు కష్టమంతా ఈ మూడు కదలికల్లోనే ఉంది. ఏ పద్ధతి మేలన్నది ఈ కష్టాన్ని ఎంత తగ్గిస్తుందో చూసి నిర్ణయించుకోవాలి.

ఎక్కువ మంది ఎంచుకునేది జాకీని. క్రాంక్‌కేసు (ఇంజను అడుగున ఉండే లోహపు పెట్టె) కింద దళసరి చెక్క, దాని కింద జాకీ పెడతారు. ఇంజను భారం జాకీ మీదికి వచ్చాక బోల్టులు లాగేసి, పక్కనే అదే ఎత్తులో వేసుకున్న బల్ల మీదికి ఇంజనును జరుపుతారు. బండి తన చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ముందు ఫోర్కులు, వెనుక చక్రం విప్పే పని లేదు. ఇంజనుకు మాత్రమే మరమ్మతు చేసి మళ్లీ ఎక్కించే ఉద్దేశం ఉంటే ఇది మంచి దారి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, బోల్టు మీద భారం ఉందో లేదో చేతికి తెలియడం. నట్టు తీసేశాక బోల్టు తలను స్పానరుతో అటూ ఇటూ తిప్పి చూడండి. మొరాయిస్తూ, బరబరలాడుతూ తిరిగితే ఇంజను ఇంకా దాని మీదే వేలాడుతోందని అర్థం. జాకీని పావు చుట్టు పైకి లేపి మళ్లీ తిప్పండి. మరీ ఎక్కువ లేపితే బోల్టు ఈసారి రెండో వైపు నొక్కుకుపోయి మళ్లీ బిగుస్తుంది. ఈ రెండింటి నడుమ ఒకచోట పట్టు పూర్తిగా సడలి వేళ్లతోనే తిరుగుతుంది. అప్పుడు లాగితే మర చెడకుండా జారి వస్తుంది. ఈ ఓపిక లేక సుత్తి అందుకున్నవారు తర్వాత పొడవాటి ఇంజను బోల్టు కోసం వెతుక్కోవలసి వస్తుంది. తుప్పు పట్టి నిజంగానే కదలకపోతే, తుప్పు వదిలించే నూనె ముందురోజే పోసి నాననివ్వండి. కొట్టక తప్పనప్పుడు నట్టును బోల్టు చివరతో సమంగా ఎక్కించి, ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టి కొట్టాలి.

జాకీని నూనె వదిలే బోల్టు కిందో, ఫిన్నుల (సిలిండరును చల్లబరిచే పలుచని రెక్కల) కిందో పెట్టకూడదు. పాత అల్యూమినియం పోత పెళుసుగా ఉంటుంది. భారమంతా ఒక్కచోట పడితే పగులుతుంది. చెక్క వెడల్పుగా ఉండి, క్రాంక్‌కేసు అడుగున గట్టిగా ఉన్న భాగమంతటినీ మోయాలి.

జాకీ పద్ధతిలో ప్రమాదం మాత్రం ఇంజను బయటకు వచ్చిన మరుక్షణంలో ఉంది. అప్పటిదాకా సెంటర్ స్టాండు మీద కదలకుండా నిలబడిన బండి, మధ్యలో బరువు పోగానే ముందుకో వెనక్కో ఒరుగుతుంది. చేతుల్లో ఇంజను ఉన్నవాళ్లు బండిని పట్టుకోలేరు. అందుకే ఫ్రేమును ముందే నాలుగు వైపులా పట్టీలతో కట్టెయ్యాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ లాంటి బళ్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాటి ముందు గొట్టం క్రాంక్‌కేసు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి వెనక్కి ఫ్రేము అడుగుభాగం పని చేసేది ఇంజనే. దాన్ని తీసేస్తే ఫ్రేముకు అడుగు ఉండదు. కాబట్టి ముందు భాగానికీ వెనుక భాగానికీ విడివిడిగా ఆధారం పెట్టాకే బోల్టుల మీద చెయ్యి వెయ్యాలి.

చైన్ పుల్లీ ఉంటే ఈ బాధలేవీ ఉండవని అనుకునేవారు ఉన్నారు. కారు ఇంజనుకు అది చక్కటి సాధనం. బానెట్ తెరిస్తే పైనంతా ఖాళీయే, నేరుగా పైకి లాగవచ్చు. మోటారు సైకిలుకు పైన వెన్నుగొట్టం అడ్డం ఉంది. పట్టీని దానికి అటొకటి, ఇటొకటి వేసి ఇంజనును అంగుళం రెండంగుళాలు లేపగలరు గాని, పక్కకు తేవాలంటే మళ్లీ చేతులే కావాలి. అటు పైకప్పు దూలం ఈ భారాన్ని మోస్తుందో లేదో చూసుకోవాలి. పట్టీని ఫిన్నులకు చుడితే అవి విరుగుతాయి, ఎగ్జాస్ట్ స్టడ్లకు (సైలెన్సరు గొట్టాన్ని బిగించే మర కడ్డీలకు) తగిలిస్తే అవి వంగుతాయి. ఒట్టి ఇంజను కోసమే పుల్లీ కొనాలనుకునేవారికి నేను వద్దనే చెబుతాను. ఉన్నవారు మాత్రం దాన్ని వేరే పనికి వాడుకోవచ్చు: ఇంజనును చెక్క దిమ్మెల మీద ఆనించి ఉంచి, ఫ్రేమును వేలాడదీసి అవతలికి తప్పించడానికి.

ఇక మూడో దారి, ఇంజనును ఫ్రేములో ఉండగానే సగం విప్పి తేలిక చేయడం. హెడ్డు (సిలిండరు పైమూత), సిలిండరు, పిస్టన్ తీసేస్తే మిగిలేది క్రాంక్‌కేసు. ఒంటి సిలిండరు బళ్లలో ఇంతకన్నా సుఖమైన పద్ధతి లేదు. పైగా హెడ్డు నట్లు గట్టిగా పట్టేసి ఉన్నప్పుడు, ఫ్రేమే ఇంజనును కదలకుండా బిగించి పట్టుకుంటుంది కాబట్టి స్పానరు మీద ఎంత బలమైనా వేయవచ్చు. విప్పే ముందు ఇంజనును బయటివైపు బాగా కడిగి ఆరబెట్టాలి. సిలిండరు లేపగానే క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఒక్క వాషరు లోపలికి జారినా క్రాంక్‌కేసు రెండుగా విడదీయవలసి రావచ్చు.

కానీ ఈ సౌకర్యం అన్ని బళ్లకూ ఉండదు. సీబీ750లో ఇంజను ఫ్రేములో ఉండగా హెడ్డు పైకి రాదు, వెన్నుగొట్టం అడ్డొస్తుంది. అక్కడ హెడ్డు గ్యాస్కెట్ మార్చాలన్నా ఇంజను దించాల్సిందే. దీనికి పూర్తిగా ఎదురు సంగతి 1971 ట్రయంఫ్ 650 ట్విన్‌ది. ఆ ఏడాది వచ్చిన కొత్త ఫ్రేములో వెన్నుగొట్టమే ఆయిల్ ట్యాంకు. రాకర్ బాక్సులు (హెడ్డు మీద వాల్వులను కదిపే భాగాల పెట్టెలు) బిగించి ఉన్న ఇంజను అందులో పట్టనే పట్టలేదు, వాటిని విప్పి ఎక్కించవలసి వచ్చింది. కాబట్టి మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఇంజను దించే అధ్యాయం చదవకుండా స్పానరు ముట్టుకోకండి. ఏది ముందు తీయాలో, ఏ వైపు నుంచి లాగాలో అందులోనే ఉంటుంది.

నాలుగో దారి వినగానే చాలామంది ఉలిక్కిపడతారు: బండిని పక్కకు పడుకోబెట్టి, ఇంజనును నేల మీదే వదిలేసి, ఫ్రేమును పైకి ఎత్తేయడం. బండి మొత్తాన్ని విప్పి, ఫ్రేముకు రంగు వేయించి మళ్లీ కట్టాలనుకునేవారికి దీనికి సాటి వచ్చేది లేదని నా గట్టి అభిప్రాయం. ఎలాగూ చక్రాలు, ఫోర్కులు, స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి), మడ్‌గార్డులు అన్నీ తీసేస్తారు. అప్పుడు మిగిలిన ఒట్టి ఫ్రేమును ఒక్క మనిషి చేతులతో లేపగలడు. ఎనభై కిలోల వస్తువును కదపకుండా, దానిచుట్టూ ఉన్న తేలిక వస్తువును తీసేయడమే ఇందులోని తెలివి.

ఏ వైపు పడుకోబెట్టాలన్నదే ఇందులో కీలకం. ఇంజను ఏ వైపు నుంచి బయటకు రావాలో ఆ వైపు నేల మీద ఉండాలి. సీబీ750 కుడివైపున పడుకోవాలి. అప్పుడు ఫ్రేము పైకి, అంటే బండి ఎడమవైపుకు లేస్తుంది. ఇంజను తన దారినే, కుడివైపునే, మిగిలిపోతుంది. దీన్ని తిరగేస్తే ఫ్రేము సగంలో ఇరుక్కుంటుంది.

పడుకోబెట్టే ముందు ట్యాంకు, బ్యాటరీ బండి మీద ఉండకూడదు. పాత బ్యాటరీలోని ఆసిడ్ ఒలికితే రంగూ పోతుంది, చర్మమూ కాలుతుంది. ఇంజను ఆయిల్ పూర్తిగా వదిలేయాలి. సీబీ750 లాంటి డ్రై సంప్ బండికి విడి ఆయిల్ ట్యాంకు ఉంటుంది, అది కూడా ఖాళీ కావాలి. కిక్ రాడ్డు, ఫుట్‌రెస్టులు, కార్బ్యురేటర్లు, సైలెన్సర్లు విప్పేయాలి. నేల మీద పాత టైరు ఒకటి, దాని మీద మందపాటి దుప్పటి పరవండి. భారం క్లచ్ కవరు అంచులాంటి గట్టి చోట ఆనేలా చెక్కలు సర్దాలి. పాయింట్ల (స్పార్కును నడిపే స్విచ్చుల) కవరు పలుచని రేకు, దాని మీద ఏమీ ఆనకూడదు. ఇంజను బోల్టులు పడుకోబెట్టక ముందే వదులు చేసి, పూర్తిగా లాగడం మాత్రం పడుకోబెట్టాకే చేయాలి. ఇక ఫ్రేమును లేపేటప్పుడు ఒక చివర, తర్వాత రెండో చివర, అలా కొద్దికొద్దిగా కదపాలి. ఎక్కడైనా ఆగితే లాగకండి. ఏదో మరిచిపోయారు. చాలాసార్లు అది ఇంజను బోల్టుకు బిగించిన ఎర్త్ తీగ, లేదా జనరేటరు నుంచి వచ్చే వైరింగు.

ఈ పద్ధతికి లొంగని బళ్లూ ఉన్నాయి. బీఎండబ్ల్యూ బాక్సర్‌కు సిలిండర్లు రెండు పక్కలకూ చాచుకుని ఉంటాయి. పడుకోబెడితే భారమంతా ఒక హెడ్డు మీదే పడుతుంది. అక్కడ ముందు సిలిండర్లు విప్పక తప్పదు. అలాగే, బండిని నడుపుకుంటూ ఇంజనుకు మాత్రమే పని చేయించుకోవాలనుకునేవారు ఫోర్కులూ చక్రాలూ విప్పడం వృథా శ్రమ. వారికి జాకీ, తోడుగా ఇంకో మనిషి చాలు.

ఏ దారి ఎంచుకున్నా ముందే చేసుకోవలసిన పని ఒకటుంది, దాన్ని దాటేసినవారు తర్వాత చాలా తంటాలు పడతారు. ఇంజనును పూర్తిగా విప్పే ఆలోచన ఉంటే, ఇంజను వైపున్న స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) నట్టును చైను ఇంకా ఉండగానే వదులు చేయండి. గేరులో వేసి, ఒకరు వెనుక బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పొడుగు స్పానరుతో తిప్పవచ్చు. అదే తీరున క్లచ్ మధ్యనట్టు, ఫ్లైవీల్ నట్టు. చైను తీసేసి ఇంజను బల్ల మీదికి చేరాక, నట్టుతో పాటు తిరిగే షాఫ్టును పట్టుకోవడానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. పట్టేసిన ఎగ్జాస్ట్ నట్లు కూడా ఇంజను ఫ్రేములో ఉండగానే వదిలించుకోవడం మేలు. వాటికి మంట చూపించాల్సి వస్తే పెట్రోలు ట్యాంకు, కార్బ్యురేటర్లు ముందే ఆ చోటు నుంచి పోవాలి.

మళ్లీ ఎక్కించే రోజును తలచుకుంటే ఈ పోలిక ఇంకా స్పష్టమవుతుంది. అప్పటికి ఫ్రేము కొత్త రంగుతో ఉంటుంది. జాకీ మీదున్న బరువైన ఇంజనును పక్కనుంచి తోసి లోపలికి పంపేటప్పుడు ఏదో ఒక ఫిన్ను గొట్టానికి గీసుకుంటుంది. గొట్టాలకు పాత ట్యూబు ముక్కలో, దళసరి స్పాంజో చుట్టినా మూలల్లో తగులుతూనే ఉంటుంది. ఇంజనును నేల మీద పడుకోబెట్టి ఫ్రేమును దాని మీదికి దించితే, చేతిలో ఉన్నది తేలిక వస్తువు. ఎక్కడ తగలబోతోందో కనిపిస్తుంది, తగలకముందే ఆపవచ్చు. రంగు వేసినచోట బోల్టు రంధ్రాల లోపలి అంచులను ముందే గీకి ఉంచండి, లేకపోతే బోల్టు దూరదు. ఎర్త్ తీగ బిగించే చోట కూడా రంగు తీసేసి లోహం బయటపడేలా చూడాలి. బోల్టులన్నీ చేత్తో దూర్చి, మధ్యలో వచ్చే స్పేసర్లు ఏ పక్కవి ఆ పక్కనే ఉన్నాయో సరిచూసుకుని, అప్పటిదాకా ఒక్క నట్టునూ బిగించకుండా ఉంటే, చివరి బోల్టు కోసం ఇంజనును మళ్లీ గడ్డపారతో ఎత్తవలసిన పని రాదు.