బొమ్మల కథలకు ఎడిటింగ్ సేవ: ఒక రచయిత సమీక్ష

పిల్లల బొమ్మల పుస్తకాల రాతప్రతులను రుసుము తీసుకుని పరిష్కరించి ఇచ్చే ఒక ఎడిటింగ్ సేవను నా కొత్త కథ కోసం ఉపయోగించుకున్నాను. నాకు అన్నిటికంటే నచ్చింది పేజీ తిప్పే చోటు మీద వారు పెట్టిన శ్రద్ధ. అచ్చు కాగితాన్ని మడిచే పద్ధతి వల్ల ఇటువంటి పుస్తకం సాధారణంగా 32 పేజీలకు కుదురుతుంది. అందులో శీర్షిక, ప్రచురణ వివరాలు పోగా మిగిలిన జాగాలోనే కథ నడవాలి కనుక, ఉత్కంఠ కలిగించే వాక్యం కుడి పేజీ చివర పడేలా వారు కథను తిరిగి విభజించారు. బొమ్మ చూపగలిగినదాన్నే మాటల్లో మళ్లీ చెప్పిన వాక్యాలను నిర్దాక్షిణ్యంగా కొట్టివేశారు. ఆ కోతలు మొదట బాధించినా, కథను పైకి చదివినప్పుడు వాటి న్యాయం తెలిసింది. గడువుకే ప్రతి అందింది.

ప్రచురణ గురించి వారిచ్చిన సలహా మాత్రం పేలవంగా ఉంది. చిత్రకారులను చాలాసార్లు ప్రచురణ సంస్థే ఎంచుకుంటుందనీ, అప్పుడు రాయల్టీని, అంటే పుస్తకం అమ్మకాలపై వచ్చే వాటాను, రచయితా చిత్రకారుడూ పంచుకోవలసి వస్తుందనీ కొత్త రచయితకు ముందే చెప్పవలసి ఉండగా, వారు ఆ ఊసే ఎత్తలేదు. ఆ సలహాల కోసం వేరుగా అడిగే రుసుమును కట్టవద్దని నా సూచన.