మూడు నెలలు డైట్ క్యారియర్ తిన్నాను: తగ్గిందెంత, తగ్గనిదేంటి

నేను పుట్టినప్పటి నుంచి శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. అయినా మార్చిలో ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో బరువు 84.6 కిలోలు, నడుము 102 సెంటీమీటర్లు, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.3, రక్తంలో కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్స్ 240 వచ్చాయి. ఎత్తు చూస్తే ఐదడుగుల ఆరంగుళాలే. డాక్టరు గారు రిపోర్టు తిరగేస్తూ "నాన్‌వెజ్ తగ్గించాలండీ" అన్నారు. "అసలు తిననండీ" అన్నాను. ఆయన ఒకసారి నా మొహం, ఒకసారి నా పొట్ట చూశారు. నమ్మినట్టు లేదు.

ఆయన తప్పేం లేదు. మాది తెనాలి. మా ఇంట్లో శాకాహారం అంటే ముద్దపప్పులో నెయ్యి, ఆవకాయ, పక్కన గుమ్మడి వడియాలు, తర్వాత దొండకాయ వేపుడు, ఆ తర్వాత పులుసు, చివర్లో గడ్డ పెరుగు, ఈ నాలుగింటికీ నాలుగుసార్లు అన్నం. సాయంత్రం నాలుగింటికి పునుగులు, మిరపకాయ బజ్జీలు, అవీ శాకాహారమే కదా. శనివారం ఒక్కపొద్దు అని చెప్పి రాత్రికి పెసరట్టు ఉప్మా లాగించే ఇల్లు మాది. మాంసం తినని మనిషికి కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్ళు మా వంటింట్లో ఒక్క రోజు కూర్చుంటే చాలు.

సరే, అసలు విషయానికి వస్తాను. మా టీమ్‌లో ఒకమ్మాయి తింటోందని చూసి నేనూ ఒక డైట్ క్యారియర్ సర్వీసులో చేరాను. పూర్తి శాకాహారం, చిరుధాన్యాలు, తక్కువ నూనె, ఇంటికీ ఆఫీసుకీ తెచ్చిస్తారు. పేరు రాయడం లేదు, ఎందుకంటే చేదు మాటలు కూడా కొన్ని చెప్పబోతున్నాను, పైగా ఇలాంటివి ఇప్పుడు గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా వీధికొకటి ఉన్నాయి, మెనూలు కూడా దాదాపు ఒకటే. రెండు పూటలా భోజనం, ఆదివారం సెలవు, నెలకు 26 రోజులకు 7,800 రూపాయలు, అంటే పూటకు 150. క్యారియర్‌కి డిపాజిట్ 600 వేరే. చేరేటప్పుడు డైటీషియన్ మేడం అరగంట ఫోన్లో మాట్లాడారు, ఆ అరగంట మాత్రం చాలా బాగుంది, ఏం తింటున్నారు అని అడగకుండా "నిన్న ఏం తిన్నారు, మొన్న ఏం తిన్నారు" అని అడిగారు. అలా అడిగితే అబద్ధం చెప్పడం కష్టం.

మధ్యాహ్నం మాధాపూర్ ఆఫీసుకి నాలుగు గిన్నెల స్టీల్ క్యారియర్ వస్తుంది. అడుగు గిన్నెలో కొర్రన్నమో, సామలో, అరికెలో. దాని మీద కూర, ఆ పైన ఆకుకూర పప్పు, అన్నిటికన్నా పైన కీరా, క్యారెట్ తురుము, మొలకెత్తిన పెసలు, నిమ్మకాయ చెక్క. పక్కన చిన్న సీసాలో మజ్జిగ. మొదటి రోజు మూతలన్నీ తీసి, ఇది సగం భోజనమే అనుకుని మిగతా సగం ఎక్కడుందా అని సంచీలో చేయి పెట్టి చూశాను. ఇంకేం లేదు. ఒక రోజు ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు తూకం వేశాను: అన్నం 150 గ్రాములు, కూర 220, పప్పు 110, పచ్చి ముక్కలు 100. గమనించారా, అన్నం కంటే కూర ఎక్కువ. నలభై రెండేళ్ళలో నా కంచంలో ఎప్పుడూ జరగని సంగతి ఇది. అంతదాకా అన్నంలో కూర కలుపుకున్నవాణ్ణి, ఇక్కడ కూరలో అన్నం కలుపుకోవాల్సి వచ్చింది.

రుచి సంగతి. బీరకాయ పాలు పోసి చేసిన కూర, పొట్లకాయ పెరుగు పచ్చడి, తోటకూర పులుసు, ఈ మూడూ ఇంటి వంటకు ఏమాత్రం తీసిపోవు. గురువారం ఉలవచారు వస్తుంది, వెన్న గిన్న లేకుండా, పల్చగా కాకుండా, సామల అన్నంలో కలుపుకుంటే ఆ రోజు ఇంకేం అక్కర్లేదు. నేను గురువారం కోసం ఎదురుచూసేవాణ్ణంటే చూసుకోండి. అరికెల అన్నం మాత్రం చల్లారితే గొంతు దిగదు, మజ్జిగ పోసుకుని మింగడమే. ఊదల ఉప్మా అనే ఒక పదార్థం మంగళవారం రాత్రి వస్తుంది, దాని గురించి మాట్లాడకపోతేనే మంచిది.

రాత్రి భోజనం అసలు బలహీనత. జొన్న రొట్టె అన్నది పెనం మీద నుంచి తీసి కంచంలో వేసుకుని తినాల్సిన వస్తువు, తెలంగాణ ఊళ్ళలో ఎవరినడిగినా చెప్తారు. వీళ్ళు సాయంత్రం ఆరింటికి చేసి, ప్లాస్టిక్ డబ్బాలో వేడివేడిగా మూత పెట్టి, ట్రాఫిక్‌లో తిప్పి ఎనిమిదిన్నరకి తెస్తారు. కింద చెమ్మ, పైన అట్ట. మధ్యాహ్నానికి స్టీల్ ఇచ్చినవాళ్ళు రాత్రికి ప్లాస్టిక్ ఎందుకిస్తారో రెండుసార్లు అడిగాను, "నోట్ చేసుకున్నాం సార్" అన్నారు. ఇంకా నోట్ చేసుకుంటూనే ఉన్నట్టున్నారు.

మొదటి పది రోజులు నిజంగా నరకం. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలి, చిరాకు, మీటింగుల్లో ఎవరేం చెప్తున్నారో బుర్రకెక్కదు. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, "ఏంట్రా నాన్నా, పిట్టలకు వేసే గింజలు తింటున్నావట" అంది. అదే అమ్మ ఇంకో నిమిషానికి, మా నాయనమ్మ చిన్నతనంలో కొర్రన్నమే తిన్నారని, వరి అన్నం పండగలకేనని చెప్పింది. పదకొండో రోజు నుంచి ఆకలి సర్దుకుంది. నాలుగింటికి గుప్పెడు వేయించిన శనగలు, చక్కెర లేని టీ అలవాటు చేసుకున్నాను, అది మేడం చెప్పిన చిట్కానే.

ఇప్పుడు అందరూ పొరపాటు పడే చోటుకి వస్తున్నా. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి కొర్రలు తింటే బరువు దానంతటదే కరిగిపోతుందని ఒక నమ్మకం బాగా పాకింది. ఈ సర్వీసు వాళ్ళ పాంప్లెట్ మీద కూడా అదే ఉంది. కానీ వంద గ్రాముల పచ్చి బియ్యంలో 350 దాకా కేలరీలు ఉంటే కొర్రల్లో 330 దాకా ఉంటాయి, పెద్ద తేడా ఏం లేదు. పీచు ఎక్కువ కాబట్టి కొంచెం తింటేనే కడుపు నిండినట్టు ఉంటుంది, షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు, అంతవరకు నిజం. నాలుగుసార్లు వడ్డించుకుని కొర్రన్నం తింటే మాత్రం కొర్రలతోనే లావెక్కుతాం. నేను ఇదివరకు మధ్యాహ్నం ఒక్క పూటే అరకిలో దాకా అన్నం తినేవాణ్ణి, అది 150 గ్రాములకు దిగింది, నన్నడిగితే బరువు తగ్గింది అక్కడే.

రెండోది నూనె. మా ఇంట్లో నలుగురం, నెలకు ఐదు లీటర్ల క్యాన్ వాడతాం. ఇది ఎక్కువని ఎప్పుడూ అనిపించలేదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ నమూనా కంచంలో రోజుకు మనిషికి నూనె 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, అన్నం రొట్టెల ధాన్యాలన్నీ కలిపి, వండకముందు తూకం, 250 గ్రాములు. మా క్యాన్ లెక్కేస్తే తలకు రోజుకు 38 గ్రాములు తేలింది, బయట తినే బజ్జీలు అందులో లేవు. గ్రాము నూనెకు తొమ్మిది కేలరీలు, ఇక మీరే గుణించుకోండి. క్యారియర్ కూరల్లో గిన్నె అడుగున నూనె తేలడం నేను ఒక్కసారి కూడా చూడలేదు, ఈ విషయంలో వాళ్ళకు నూటికి నూరు మార్కులు.

కానీ పప్పు విషయంలో మార్కులు కోసేస్తాను. నాలాంటి మగవాడికి రోజుకు 54 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. వీళ్ళ మధ్యాహ్నం భోజనంలో నా లెక్క ప్రకారం 15 గ్రాములు వస్తే గొప్ప, రాత్రికి అంతకంటే తక్కువ, పొద్దున ఇంట్లో తినే ఇడ్లీలు కలిపినా నలభై దాటదు. పప్పు చూడటానికి గిన్నె నిండా ఉంటుంది, అందులో సగం ఆకుకూర, పావు వంతు నీళ్ళు. మీల్ మేకర్ వారానికి ఒక్కసారి, పనీర్ పది రోజులకోసారి. పెరుగు బదులు నీళ్ళ మజ్జిగ. మాంసం, గుడ్డు తినని మనిషికి పప్పు, పెరుగు దగ్గరే పిసినారితనం చూపిస్తే ఎలా? అడిగితే "ప్రోటీన్ ప్యాక్ తీసుకోండి సార్, నెలకు 1,500 ఎక్స్‌ట్రా" అన్నారు. నేను ఆ 1,500 ఇవ్వకుండా ఇంటి నుంచి ఒక కప్పు పెరుగు, ఉడికించిన శనగలు డబ్బాలో పట్టుకెళ్ళాను.

ఇంకో రెండు గొడవలు. జూన్‌లో పెళ్ళికి ఊరెళ్ళాల్సి వచ్చి నాలుగు రోజులు ఆపమని యాప్‌లో పెట్టాను. ఆపలేదు, ఆఫీసు సెక్యూరిటీ దగ్గర నాలుగు క్యారియర్లు వరసగా పేరుకున్నాయట, తిరిగొచ్చేసరికి సెక్యూరిటీ అన్న "సార్, వాసనొస్తుంటే పారేశాను" అన్నాడు. పోట్లాడితే రెండు రోజులు సర్దారు. రెండోది, వాట్సాప్ గ్రూపు. అందులో పొద్దున్నే ఏదో కషాయం సీసా అరవై రూపాయలని, శరీరంలో విషాలన్నీ కడిగేస్తుందని, షుగర్ మాత్రలు మానేయొచ్చని మెసేజీలు. ఆ పని చూసుకోవడానికి నా కాలేయం, కిడ్నీలు ఉన్నాయి, జీతం కూడా అడగవు. మాత్రలు మానేయమనే మాట మాత్రం నవ్వి వదిలేసేది కాదు. నేను షుగర్ మందులు వాడటం లేదు కాబట్టి నాకు ఈ తిండి సరిపోయింది. మాత్రలు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు అన్నం ఇలా ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, ముందు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోండి, గ్రూపులో అడ్మిన్ చెప్పాడని కాదు.

మూడు నెలలయ్యాక మళ్ళీ టెస్టులు చేయించాను. బరువు 78.9, అంటే 5.7 కిలోలు తగ్గాను. నడుము 96. మన దేశంలో మగవాళ్ళకు 90 దాటకూడదంటారు కాబట్టి ఇంకా ఆరు సెంటీమీటర్ల ప్రయాణం ఉంది. మూడు నెలల షుగర్ 5.8, ట్రైగ్లిజరైడ్స్ 165. ఇందులో అంతా క్యారియర్ గొప్పతనమే అంటే అబద్ధం అవుతుంది, రోజూ కాలనీ పార్కులో నలభై నిమిషాలు నడిచాను, బజ్జీల బండి ఉన్న వైపు కాకుండా ఇంకో గేటు నుంచి.

అయితే ఈసారి డాక్టరు గారు బీ12 కూడా రాశారు, అది 170 వచ్చింది. అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తుంటే కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం వల్ల అనుకున్నాను. ఈ విటమిన్ మొక్కల్లో ఉండదు, మనకు పాలు, పెరుగు నుంచే కొంచెం దొరుకుతుంది, ఆ పెరుగు కాస్తా నీళ్ళ మజ్జిగ అయిపోయింది. తప్పంతా మూడు నెలల క్యారియర్‌దే అనను, ఎప్పటి నుంచో తక్కువే ఉండి ఉంటుంది. కానీ శాకాహార డైట్ అమ్మేవాళ్ళు చేరేటప్పుడే "బీ12 చూపించుకున్నారా" అని ఒక్క మాట అడగొద్దా? అరగంట మాట్లాడిన మేడం నిన్నటి, మొన్నటి తిండి అడిగారు గానీ ఇది అడగలేదు. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాను, తిమ్మిర్లు తగ్గాయి.

మరి చేరాలా వద్దా అంటే, ఒంటరిగా ఉండి హోటల్ తిండి తినే కుర్రాళ్ళకు, వండుకునే టైమ్ లేనివాళ్ళకు మధ్యాహ్నం భోజనం వరకు చేరమంటాను. రాత్రిది వద్దు. ఇంట్లో వంట చేసే మనిషి ఉంటే ఒక్క నెల చాలు, ఆ నెలలో ఏ గిన్నెలో ఎంత పడుతుందో కళ్ళకు అలవాటైపోతుంది, మిగతా రెండు నెలలు నేను అలవాటైన దానికే 15,600 కట్టాను. మా ఆవిడైతే రెండో వారంలోనే "ఈ బీరకాయకి 150 ఏంటండీ" అంది, నేనే వినలేదు.

జులై నుంచి ఇంట్లోనే నడుస్తోంది. అదే స్టీల్ గిన్నె సైజు చూసి ఒక కప్పు కొన్నాం, అన్నం దానితోనే, వారంలో మూడు రోజులు కొర్రలు, రాత్రి నానబెట్టి పొద్దున వండితే మెత్తగా వస్తున్నాయి, మిగతా రోజులు మామూలు బియ్యమే. కూరలు రెండింతలు, గట్టి పప్పు, గట్టి పెరుగు. నూనె నెలకు మూడున్నర లీటర్లు దాటడం లేదు. ఆవకాయ మానలేదు, మానను కూడా, కాకపోతే ఇప్పుడు దానికి ఒకే ముద్ద. ఉలవచారు మాత్రం వాళ్ళు చేసినట్టు కుదరడం లేదు, రెండుసార్లు ప్రయత్నించాం, ఎవరికైనా పద్ధతి తెలిస్తే చెప్పండి.

అన్నట్టు, క్యారియర్ తిరిగిచ్చి నలభై రోజులైంది. డిపాజిట్ 600 ఇంకా రాలేదు.